రాజీనామా రాసియ్యకు బిడ్డా

పోయిన వినాయక చవితి అయిన నాలుగో రోజు. మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. మా అక్క బిడ్డ, హైదరాబాదు నుంచి. ఆఫీసు టైములో అది ఎన్నడూ ఫోన్ చేయదు. ఎత్తగానే ఏడుపు. ఆరో నెల కడుపుతో ఉన్న పిల్ల ఫోన్‌లో అట్లా ఏడిస్తే ఇంకేం తోస్తుంది చెప్పండి? చేతిలో గిన్నె సింకులో పడేసి అక్కడే కూలబడ్డాను.

"కడుపుల పిల్ల మంచిగనే ఉంది చిన్నమ్మా. నా నౌకరి పోయింది."

నిజం చెప్తున్నా, ఆ మాట వినగానే నాకు ప్రాణం కుదుటపడింది. "ఓస్, అంతేనా!" అన్నాను. ఆ "అంతేనా" అన్నందుకే నాలుగు నెలలుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఇవాళ కూర్చుని ఇది రాయడం కూడా అందుకే.

జరిగింది ఇది. ఆమె పనిచేసే కంపెనీలో ఒక ప్రాజెక్టు మూతపడింది. టీములో పదకొండు మంది. ఒక్కొక్కరినీ చిన్న గదిలోకి పిలిచి మాట్లాడారు. గదిలో ఒక మేనేజరు, ఒక హెచ్‌ఆర్ అమ్మాయి, బల్ల మీద నీళ్ల సీసా, పక్కనే టిష్యూల డబ్బా. ఏడుస్తారని ముందే తెలుసన్నమాట! "మీ పనిలో లోపమేం లేదు, ఆ పోస్టే లేకుండా పోయింది. మేం తీసేసినట్టు రికార్డులో పడితే రేపు ఇంకో చోట మీకే ఇబ్బంది. మీ అంతట మీరే రాజీనామా పెట్టండి. ఒక నెల జీతం, అనుభవ పత్రం ఇచ్చి మర్యాదగా పంపిస్తాం. సాయంత్రం ఆరింటిలోపు పెట్టాలి" అన్నారు. మరి నా మెటర్నిటీ సంగతేమిటి అని ఈ పిల్ల అడిగింది. "అది ఉద్యోగంలో ఉన్నవాళ్లకు కదమ్మా" అని జవాబు.

ఇక ఇంట్లో పంచాయితీ మొదలైంది. అల్లుడు ఆఫీసు నుంచే ఫోన్‌లో చేరాడు. వాళ్ల అత్తగారు కరీంనగర్ నుంచి, మా అక్క, నేను హసన్‌పర్తి నుంచి. అందరిదీ ఒకే మాట. పెద్ద కంపెనీలతో మనకెందుకు, గొడవ పెట్టుకుంటే ఇంకెవరూ ఉద్యోగం ఇవ్వరు, టెన్షన్ పడితే కడుపులో బిడ్డకు మంచిది కాదు. నేనైతే ఇంకో అడుగు ముందుకేశాను. "ఎట్లాగూ ఇంకో రెండు నెలలైతే సెలవు పెట్టేదానివే కదా. ముందుగాల ఇంటికొచ్చిన్ననుకో. ఎర్రగట్టు గుట్ట సామికి దండం పెట్టుకుని రాసిచ్చెయ్యి" అన్నాను. దేవుడిని కూడా కంపెనీ పక్షాన నిలబెట్టాను, చూడండి.

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత అంది: "చిన్నమ్మా, నా జీతం నెలకు నలభై ఎనిమిది వేలు. ఇరవై ఆరు వారాలకు ఎంతయితదో లెక్కేసినవా? రెండు లక్షల ఎనభై ఏడు వేలు. నా పుస్తెలతాడు ఎవడన్నా గుంజుకపోతే గూడ ఆరోగ్యం ముఖ్యం, పోనియ్యి అంటవా?"

నా దగ్గర జవాబు లేదు. ఎనుమాముల మార్కెట్లో పత్తి తూకంలో రెండు కిలోలు తేడా వస్తే కాంటా దగ్గర గొంతు చించుకునే ఇంట్లో పుట్టిన మనిషిని నేను. అక్కడ లేని మొహమాటం ఇక్కడ ఎందుకొచ్చింది? ఆడపిల్ల జీతం, అందులోనూ పని చేయకుండా వచ్చే పురుటి రోజుల జీతం కాబట్టి వచ్చింది. అది హక్కు అని నాకు అనిపించలేదు. ఇస్తే దయ, ఇవ్వకపోతే వాళ్లిష్టం అనుకున్నాను.

ఇక్కడ నా బీఏ తెలుగు కాస్త బయటికి తీస్తాను, ఏమీ అనుకోకండి. ఈ చట్టాన్ని మన పత్రికల్లో ప్రసూతి ప్రయోజనాల చట్టం అని రాస్తారు. వాడుకలో ప్రసూతి సెలవు అంటాం. ప్రయోజనం అనగానే ఎవరో చేసిన మేలులా వినిపిస్తుంది. సెలవు అనగానే తీరికగా కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు. పురుడు పోసుకున్న మనిషికి తీరిక ఉంటుందా! ఆ చట్టం లోపల చూస్తే ఉన్నది జీతం లెక్క. అంతకుముందు మూడు నెలలు పనిచేసిన రోజులకు వచ్చిన సగటు రోజు కూలీ ఎంతో, అంత, సెలవులో ఉన్న ప్రతి రోజుకూ. అందుకే నేను దాన్ని పురుటి జీతం అంటున్నాను. మీరూ అట్లాగే అనండి. "సెలవు ఇవ్వనన్నారు" అంటే ఇంట్లో ఎవరికీ కోపం రాదు. "జీతం ఎగ్గొట్టారు" అంటే వస్తుంది.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకు ఆమె, నేను చెరో ఫోన్‌లో ఆ చట్టం తెరిచి చదివాం. 1961 నాటిది. 2017లో సవరించి పన్నెండు వారాలను ఇరవై ఆరు చేశారు. మొదటి ఇద్దరు పిల్లల వరకే ఇరవై ఆరు, ఆ తర్వాత పన్నెండే. కాన్పు తేదీకి ముందు ఎనిమిది వారాల కంటే ఎక్కువ వాడుకోకూడదు. ఆ తేదీకి ముందటి పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పనిచేసి ఉండాలి. మా పిల్ల నాలుగేళ్లుగా చేస్తోంది. ఇంతవరకూ చాలామందికి తెలిసిందే.

తెలియనిది పన్నెండో సెక్షన్. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఆ కారణంగా గానీ, ఆ సమయంలో గానీ తీసేయడం చట్టవిరుద్ధం అంటుంది. సరే, ఇంకా సెలవులోకే వెళ్లలేదు, కడుపుతో ఉండగానే తీసేశారనుకుందాం. అప్పుడు చట్టం ఏమంటుందంటే, ఆ తీసివేత లేకపోయి ఉంటే ఆమెకు పురుటి జీతం వచ్చేదే అయితే, తీసేసినంత మాత్రాన ఆ జీతం పోదు. ఉద్యోగం పోయినా పురుటి జీతం మిగులుతుంది! ఒక్క మినహాయింపు ఉంది. ఘోరమైన తప్పు చేసిందని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి, ఆ జీతం కూడా ఆపుతున్నాం అంటే తప్ప. ప్రాజెక్టు మూతపడటం ఆమె తప్పు కాదు కదా. ఆ ఉత్తర్వు మీద కూడా 60 రోజుల్లోపు పై అధికారికి చెప్పుకోవచ్చు.

ఇప్పుడు ఆ చట్టం పేరు మారింది. సామాజిక భద్రతా స్మృతి, 2020 అనే కొత్త దాంట్లో కలిపేశారు, 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. పాతదాంట్లో పన్నెండో సెక్షన్ కొత్తదాంట్లో అరవై ఎనిమిది. నంబరు మారింది గానీ మాట మారలేదు.

హెచ్‌ఆర్ అమ్మాయి చెప్పిన "అది ఉద్యోగంలో ఉన్నవాళ్లకు కదమ్మా" అనే వాదన సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. డాక్టర్ కవితా యాదవ్ అని, ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసేవారు. ఆమె కాంట్రాక్టు 2017 జూన్ 11తో ముగిసింది. జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగారు. పది పదకొండు రోజులకే ఇస్తాం, ఆ తర్వాత మీరు మా ఉద్యోగే కారు కదా అన్నారు. కింది కోర్టులు కూడా అదే అన్నాయి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కాదంది. కాంట్రాక్టు కాలం దాటినా పూర్తి ఇరవై ఆరు వారాల ప్రయోజనం ఇవ్వాలంది. చట్టమే ఉద్యోగం పోయాక కూడా ఇది ఉంటుందని ఊహించి రాసిందని, అందుకు పన్నెండో సెక్షన్‌నే చూపించింది. అంతకు చాలా ముందే, 2000 మార్చిలో, ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో రోజుకూలీ మీద రోడ్ల పని చేసే ఆడవాళ్లకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని అదే కోర్టు చెప్పింది. రోజుకూలీకే ఉంటే నాలుగేళ్ల ఉద్యోగికి లేదా?

ఇప్పుడు అసలు మెలిక. చట్టం "తీసేస్తే" అంటుంది. తీసేసిన మనిషికి అండగా నిలబడుతుంది. "నేనే మానేస్తున్నాను" అని రాసిచ్చిన మనిషి పక్కన ఎవరు నిలబడతారు? ఆమె చేతులతో ఆమే రాసిందాయె. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత చెప్పుకోవచ్చు, కానీ ఆ గదిలో ఉన్నది ముగ్గురు, అందులో ఇద్దరు కంపెనీ మనుషులు. ఆరింటిలోపు అని గడియారం చూపించింది మర్యాద కోసం కాదండీ. రెండు లక్షల ఎనభై ఏడు వేల కోసం.

పైగా "మీకే ఇబ్బంది" అని ఒక మాట. దాని బలం చాలా ఎక్కువ. 1990లో వరంగల్ ఆజంజాహి మిల్లు మూతపడ్డప్పుడు నేను చిన్నపిల్లను. మిల్లులో చేసిన వాళ్లు ఎవరూ ముఖం దాచుకుని తిరగలేదు. వాడకు వాడే పని పోయింది కాబట్టి అందరూ కలిసి తిట్టారు, కలిసి ఏడ్చారు, కలిసే దరఖాస్తులు పెట్టారు. ఇప్పుడేమో ఒక్కొక్కరినీ విడివిడిగా గదిలోకి పిలుస్తారు. పక్క సీటు పిల్లకు ఏం చెప్పారో ఈ పిల్లకు తెలియదు. పోగొట్టుకున్న వాళ్లే తప్పు చేసినట్టు తలవంచుకుని బ్యాగు సర్దుకుంటారు.

ఆరవడానికి ఇరవై నిమిషాల ముందు మా అక్క బిడ్డ ఒక ఈమెయిల్ పంపింది. నేను రాజీనామా చేయడం లేదు. నేను గర్భిణిని, డాక్టరు చెప్పిన కాన్పు తేదీ ఫలానా, సర్టిఫికెట్ జతచేస్తున్నాను. నా పోస్టు తీసేస్తుంటే కారణంతో సహా ఆ ఉత్తర్వు రాతపూర్వకంగా ఇవ్వండి. నా ప్రసూతి ప్రయోజనం చట్టప్రకారం చెల్లించండి. అంతే, నాలుగు వాక్యాలు. ఆ మెయిల్ కాపీ తన సొంత ఐడీకి కూడా పంపుకుంది. ఆఫీసు మెయిల్ రేపు తెరుచుకుంటుందో లేదో ఎవరికి తెలుసు?

ఆ తర్వాత పది రోజులు మాకు నిద్రల్లేవు. రోజుకొక ఫోన్. ఒకసారి బుజ్జగింపు, ఒకసారి బెదిరింపు, ఒకసారి "రెండు నెలల జీతం ఇస్తాం, ఇంతకంటే మా చేతుల్లో లేదు". ఏ ఫోన్ వచ్చినా "దయచేసి ఇదే మాట మెయిల్‌లో పంపండి సార్" అనేది. మెయిల్ మాత్రం వచ్చేది కాదు. చివరికి తీసివేత ఉత్తర్వు ఇచ్చారు. నోటీసు జీతం, తొలగింపు పరిహారం అని కొంత కట్టారు. పురుటి జీతం ఊసు లేదు. ఇది వేరు, అది వేరు. ఒకటి ఇచ్చి రెండూ ఇచ్చినట్టే అంటే కుదరదు. కార్మిక శాఖకు ఫిర్యాదు రాసింది. వాళ్ల నుంచి కంపెనీకి కాగితం వెళ్లాక, కాన్పుకు ముందటి వారాల డబ్బు నవంబరులో పడింది. కాన్పు అయిన రుజువు ఇచ్చిన 48 గంటల్లో మిగతాది ఇవ్వాలని చట్టం. పంతొమ్మిది రోజులకు ఇచ్చారు. ఇచ్చారు కదా అని మేం ఊరుకున్నాం. ఉద్యోగం మాత్రం పోయినట్టే పోయింది. డిసెంబరులో మనుమరాలు పుట్టింది. ఇప్పుడు తల్లీబిడ్డా ఇక్కడే, మా అక్క ఇంట్లో ఉన్నారు. ఇక ఏ నెలకు కంప్యూటర్ ముందు కూర్చోవాలి, చంటిదాన్ని ఎవరు చూడాలి అన్నది వేరే చర్చ, రోజూ జరుగుతూనే ఉంది.

ఇది గెలుపు కథలాగా ఉందా? కాదు. అదే టీములో ఇంకో అమ్మాయి ఉంది. ఆమెకు అప్పుడు మూడో నెల. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీకూ నాకూ తెలుసు. ఐదో నెల దాకా బయట పెట్టొద్దు, దిష్టి తగులుతుంది అని మనమే చెప్తాం. నేను కూడా నా రెండు కాన్పులకూ అంతే చేశాను. ఆ అమ్మాయి గదిలోకి వెళ్లింది, విన్నది, రాజీనామా పెట్టింది, ఒక నెల జీతం తీసుకుని వచ్చేసింది. తనకూ ఏమైనా వస్తుందని ఆమెకు తోచనే లేదు, మూడో నెలకు కూడా ఇది వర్తిస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దిష్టి సంగతి నేను తేలిగ్గా కొట్టిపారేయను. మొదటి మూడు నెలల్లో ఏమైనా జరగొచ్చనే భయం అందులో ఉంది, ఆ భయం నిజమైనదే. వాడకట్టు మొత్తానికీ చెప్పక్కర్లేదు. కానీ ఉద్యోగం చేసే పిల్లయితే స్కాన్ రిపోర్టు చేతికొచ్చాక ఆఫీసుకు ఒక మెయిల్ పడేయాలి, అది మీ ఆయన అక్కకు చెప్పడం లాంటిది కాదు. నోటీసు ఇవ్వనంత మాత్రాన హక్కు పోదని చట్టంలోనే ఉంది. అయినా ముందే చెప్పిన కాగితం ఉంటే "మాకు తెలియదు" అనే మాట వాళ్ల నోటికి రాదు.

కంపెనీ వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే మా వారు ఊరుకోరు. ఆయన అడిగేది ఒకటే. పదిహేను మందితో నడిచే చిన్న ఆఫీసు, అందులో ఇద్దరు ఒకేసారి పురుటికి వెళ్తే ఆరు నెలల జీతం, వాళ్ల చోట పెట్టుకున్న మనుషుల జీతం, రెండూ యజమాని ఎక్కడి నుంచి తేవాలి? కాబట్టే కొత్తగా పెళ్లయిన పిల్లలను ఇంటర్వ్యూలోనే వెనక్కి పంపుతున్నారు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ దాని పరిష్కారం పిల్లతో రాజీనామా రాయించుకోవడం కాదు కదా.

ఈఎస్ఐ చూడండి. మా వీధిలో ఒకావిడ కోడలు హనుమకొండలో బట్టల షోరూంలో చేస్తుంది. నెలకు 21 వేలలోపు జీతం కాబట్టి ఈఎస్ఐ ఉంది. ఆమెకు ఇరవై ఆరు వారాల డబ్బు ఈఎస్ఐ సంస్థే కట్టింది, సేటు జేబులోంచి పోలేదు. కాబట్టి సేటుకు ఆమె కడుపు చూస్తే గుండె దడ రాలేదు, శ్రీమంతానికి చీర కూడా పంపాడు. 21 వేలు దాటిన పిల్లలకే ఈ పాట్లు, ఎందుకంటే వాళ్ల భారమంతా ఒక్క యజమాని నెత్తిన పడుతుంది. బ్రిటన్‌లో పురుటి జీతం సంస్థే కట్టినా, అందులో 92 శాతం ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకుంటుంది, చిన్న సంస్థలకు ఇంకా ఎక్కువే వస్తుంది. కాన్పు వారానికి ముందటి పదిహేనో వారం దాకా ఉద్యోగంలో ఉంటే చాలు, ఆ తర్వాత పోస్టు ఎగిరిపోయినా 39 వారాల జీతం ఆగదు. మన పిల్లలు ఎగబడి వెళ్లే అమెరికాలోనేమో దేశమంతటికీ వర్తించేది పన్నెండు వారాల జీతం లేని సెలవే. అన్నీ అక్కడ బాగుంటాయని అనుకోవద్దు మరి.

ఈ భారం ఎవరు మోయాలన్న ప్రశ్న కొత్తది కూడా కాదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు వచ్చినప్పుడు అంబేద్కర్ దాన్ని సమర్థిస్తూ మాట్లాడారు. తల్లికి ఆ విశ్రాంతి దేశానికి మేలు, కాబట్టి ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే పెట్టుకోవాలి, అయినా ఆ పని చేయించుకునే యజమాని కూడా కొంత మోయాలి అన్నది ఆయన వాదన. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. దాదాపు వందేళ్లయింది. ప్రభుత్వం మోయాల్సిన వాటా గురించి మాత్రం ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు.

ఇంత రాస్తూ మా ఊరి మగ్గాల ఇళ్లలో కండెలు చుట్టే ఆడవాళ్లను, బీడీలు చుట్టేవాళ్లను, నాట్లకు పోయేవాళ్లను మర్చిపోయానని అనుకోకండి. వాళ్లలో చాలామందికి తీసేసే ఉత్తర్వు ఇచ్చే యజమానే ఉండడు. కేంద్రం మొదటి కాన్పుకు ఇచ్చే ఐదు వేలు, రాష్ట్రంలో 2017 నుంచి సర్కారు దవాఖాన కాన్పులకు వచ్చిన కిట్టు, డబ్బు, ఇవే వాళ్లకు తెలిసిన పురుటి జీతం. దాని గురించి ఇంకోసారి విడిగా రాస్తాను.

మొన్న సంక్రాంతికి ఆ రెండో అమ్మాయి మా వాళ్లకు ఫోన్ చేసింది. ఇప్పుడు ఆమెకు ఏడో నెల. వాళ్లాయన జీతం ఒక్కటే, ఇంటి లోను ఇద్దరి పేరా ఉంది. "అక్కా, నాకేమన్నా వస్తదా?" అని అడిగింది. అరవై రోజులు ఎప్పుడో దాటిపోయాయి, పైగా రాజీనామా తనే పెట్టింది. అయినా ఆ రోజు ఆరింటిలోపు పెట్టమని వచ్చిన వాట్సాప్ మెసేజీలు ఆమె ఫోన్‌లో ఇంకా ఉన్నాయట. అవి జతచేసి కార్మిక శాఖకు ఒక అర్జీ పెట్టి చూద్దాం అంటోంది మా అక్క బిడ్డ, ఒళ్లో పిల్లను ఊపుకుంటూ. అర్జీ తెలుగులో నేను రాసిపెడతానన్నాను. రెండు పేజీలయింది. "గింత పొడుగెందుకు చిన్నమ్మా, తేదీలు, పైసలు రాయి చాలు" అని సగం కొట్టేసింది.